కర్తలొకరు, భోక్తలొకరు

చెరువు త్రవ్వించినవాని పేరు శాసనములో నుండును. ఏటేట వానకాలమునకు ముందు గండ్లు పూడ్చి, తూము చూచి, కట్టపై మొలచిన తుమ్మమొక్కలను పెరికివేయువాని పేరు ఏ శాసనమునందును గానరాదు. అయినను ఆయకట్టు పండుచున్నది వాని మూలముననే. కట్ట తెగిననాడు గాని అట్టివా డొకడున్నాడని యూరికి జ్ఞాపకమే రాదు. నేటి ప్రపంచ వ్యాపారమంతయు నొక గొప్ప చెరువు నీటిమీద సాగుచున్నది. దాని కట్టను గాచువారి గతియు నిట్లే యున్నది. ఈ సంగతిని పాఠకుల దృష్టికి దెచ్చుట మా విధి యని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఓపెన్ సోర్సు అని పిలువబడు సాఫ్టువేరును గూర్చియే మేము చెప్పుచున్నది. దాని మూలమగు కోడును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, రుసుము చెల్లింపకయే వాడుకొనవచ్చును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రయత్నమును ప్రకటించినప్పుడు ఆయన కోరినది కంప్యూటరు వాడువారి స్వాతంత్ర్యము. 1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన లినక్సును లోకమునకు బంచిపెట్టెను. నేడు మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనుల యడుగున నున్నది ఆ లినక్సే. పెద్ద కంపెనీలు విక్రయించు సాఫ్టువేరులలో నిట్టి ఉచిత భాగములు వందలకొలది, ఒక్కొక్కచో వేలకొలది చేరియున్నవి. వానిలో ననేకములను కాచి కాపాడువారు, పగలు మరియొక యుద్యోగము చేసికొని, రాత్రివేళ యింట గూర్చుండి, జీతము లేక పనిచేయు వ్యక్తులు.

వీరి సేవ విలువ యెంత? హార్వర్డ్ బిజినెస్ స్కూలువారు 2024లో వెలువరించిన యొక పరిశోధనా పత్రము ప్రకారము, విస్తారముగా వాడబడుచున్న ఓపెన్ సోర్సు నంతటిని ఒక్కమారు తిరిగి వ్రాయించుటకు సుమారు 415 కోట్ల డాలర్లు చాలును. కాని అది లేనిచో, దానిని వాడుకొను కంపెనీలు ఎవరికివారే సృష్టించుకొనవలసివచ్చినచో, అగు వ్యయము 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఈ విలువలో నూటికి 96 వంతులు కేవలము నూటికి ఐదుగురి చేతిపని యనియు ఆ పత్రమే చెప్పుచున్నది. అదే సంవత్సరమున టైడ్‌లిఫ్ట్ అను సంస్థ జరిపిన విచారణలో నిర్వాహకులలో నూటికి అరువదిమంది తమకు వేతన మేమియు లేదని చెప్పిరి. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో వేరు వ్యాఖ్యాన మక్కరలేదు.

కట్ట తెగిన సందర్భములును లేకపోలేదు. ఇంటర్నెట్టుపై రహస్యముగా సాగవలసిన సంభాషణలను గాపాడు ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ అను సాఫ్టువేరులో 2012లో చేరిన యొక దోషము రెండేండ్లపాటు ఎవరి కంటను బడలేదు. 2014 ఏప్రిలులో అది ‘హార్ట్‌బ్లీడ్’ అను పేరున బయటపడినప్పుడు లోకము విస్తుపోయెను. అంతకన్న విస్మయము గొలిపినది మరియొకటి. లోకములోని వర్తకమంతయు నమ్ముకొన్న యా సాఫ్టువేరునకు ఏటేట వచ్చుచుండిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము దానికై పనిచేయువాడు ఒకే యొక్కడు. పిమ్మట పెద్ద కంపెనీలు కొన్ని లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యమున జేరి, ఏటికి లక్ష డాలర్లు చొప్పున మూడేండ్లు ఇచ్చెదమని వాగ్దానము చేసినవి. ఆ పని ముందే చేయకుండ వారి నడ్డగించిన దెవ్వరు?

2021 డిసెంబరులో ‘లాగ్4జె’ అను మరియొక సాఫ్టువేరు విషయమున నిదే జరిగెను. ప్రపంచమందలి సంస్థలన్నియు గడగడలాడుచుండగా, నిద్రాహారములు మాని దానిని సరిదిద్దినవారు తీరికవేళ పనిచేయు స్వచ్ఛంద సేవకులే. వారికి లభించినవి కృతజ్ఞతలకన్న నిందలే మెండు. ఆ మరుసటి నెలలో, అనగా 2022 జనవరిలో, ఒక పెద్ద కంపెనీ ‘కర్ల్’ అను సాఫ్టువేరు ప్రధాన నిర్వాహకుడైన డేనియల్ స్టెన్‌బర్గ్ గారికి ఒక లేఖ పంపెను. తమ ప్రశ్నలకు 24 గంటలలో సమాధానములు కావలెనని అందలి తాఖీదు. ఆ కంపెనీకి ఆయనతో ఒప్పంద మేదియు లేదు. చెల్లించిన సొమ్మును లేదు. ఒప్పందము చేసికొన్నయెడల సంతోషముతో సమాధానము లిచ్చెదనని ఆయన బదులిచ్చెను. ఆయన చెప్పినది న్యాయమే.

2024 మార్చి 29వ తేదీన బయటపడిన సంగతి వీనియన్నిటికంటె భయంకరమైనది. ‘ఎక్స్‌జెడ్’ అను చిన్న సాఫ్టువేరును ఏండ్ల తరబడి ఒక్క వ్యక్తి నడపుచుండెను. తన శక్తి సన్నగిల్లినదనియు, ఇది తనకు జీతము లేని వ్యాసంగమనియు 2022లోనే ఆయన బహిరంగముగా జెప్పుకొనెను. అప్పుడు కొన్ని మారుపేర్ల వ్యక్తులు, పని జాప్యమగుచున్నదని ఆయనను వేధించిరి. అదే సమయమున సాయము చేసెదనని చేరిన మరియొక మారుపేరువాడు నమ్మకము సంపాదించి, తాళపుచెవులు చేజిక్కించుకొని, తుదకు ప్రపంచములోని సర్వర్లలో దొంగదారి యేర్పరచుటకు యత్నించెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన కంప్యూటరులో లాగిన్ అగుటకు అర సెకను జాప్యమేల యగుచున్నదని ఆరా తీయుటచే ఆ కుట్ర బట్టబయలయ్యెను. ఫ్రాయిండ్ గారు మైక్రోసాఫ్ట్ కంపెనీలో జీతగాడు. జీతము లేనివాడు అలసి సొలసినచోట తలుపు తెరచుకొన్నది. జీతమును తీరికయు గలవాడు చూచుటచే అది మూతపడినది. వేతనమునకును లోకక్షేమమునకును గల సంబంధము నింతకంటె స్పష్టముగా నెవరు చెప్పగలరు?

ఇక చట్టము మాట. న్యాయవాద వృత్తిలో నున్నవారమగుటచే ఆ దృష్టితోడను మేము దీనిని విచారించితిమి. మన కాంట్రాక్టుల చట్టము 1872 నాటిది. దాని 70వ విభాగము ప్రకారము, ఒకడు ఉచితముగా జేయు నుద్దేశము లేక మరియొకనికై న్యాయసమ్మతమైన పని చేసి, ఆ రెండవవాడు దాని ఫలము ననుభవించినచో, అనుభవించినవాడు పరిహార మీయవలెను. ఓపెన్ సోర్సు నిర్వాహకు డీ విభాగము చాటున నిలువజాలడు. ఏలయన, ఉచితముగా వాడుకొనుడని లైసెన్సులో ఆతడే వ్రాసియిచ్చెను. కావున దావాకు తావు లేదు. ఆ లైసెన్సులలో సాధారణముగా మరియొక షరతు గూడ నుండును: ఉన్నది ఉన్నట్లుగా నిచ్చుచున్నాము, దీనికి మా పూచీ యేమియు లేదు, అని. కంపెనీలవారు మొదటి షరతును కన్నుల కద్దుకొందురు. రెండవదానిని మరచిపోయి 24 గంటల తాఖీదులు పంపుదురు. ఉచితమును స్వీకరించినవారికి పూచీ నడుగు హక్కు లేదు. పూచీ కావలెనన్నచో వెల యిచ్చి తీరవలెను.

అదే చట్టము 25వ విభాగమున మరియొక మాట యున్నది. ప్రతిఫలము లేని ఒడంబడిక సామాన్యముగా చెల్లదు. కాని, తనకై యిదివరకే స్వచ్ఛందముగా పని చేసినవానికి పరిహార మిచ్చెదనని ఒకడు మాట యిచ్చినచో ఆ మాట చెల్లును. ఉపకారము పొందినవాడు ఆలస్యముగానైనను ఋణము దీర్చుకొన నెంచినచో చట్టము ఆతనికి అడ్డు రాదని దీని భావము. కావలసినది మాట యిచ్చు మనసు మాత్రమే.

దీనిని వెట్టిచాకిరి యనువారును గలరు. ఆ మాటతో మేము ఏకీభవింపము. వెట్టిలో బలాత్కారమున్నది, దొర పిలుపునకు పోననుటకు వీలులేదు. మన రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించినది ఆ దౌష్ట్యమును. ఓపెన్ సోర్సు నిర్వాహకు నెవ్వరును నిర్బంధింపలేదు. ఆతడు ప్రేమచే మొదలిడెను; తాను విడిచినచో వేలకొలది జనులకు ఇబ్బంది కలుగునను మొగమాటముచే కొనసాగించుచున్నాడు. ఒకని మంచితనమును పెట్టుబడిగా జేసికొని మరియొకడు లాభమార్జించుట వెట్టి కాకపోవచ్చును గాని, న్యాయము మాత్రము కాదు.

స్వచ్ఛంద సేవకు వేతనము ముట్టినచో సేవాభావము చెడునని కొందరి వాదము. ఉద్యమమున జీతమాశింపక తిరిగిన దినములు మాకును గలవు. కనుక ఈ వాదమును మేము తేలికగా ద్రోసిపుచ్చము. కాని ప్రజలకై మోసిన బరువు వేరు, ఒకరి గిడ్డంగికై మోసిన బస్తా వేరు. ఖద్దరును మించిన సేవోద్యమము మన దేశమున నేది? వడుకు స్త్రీలకు కడుపునిండు కూలి ముట్టనిదే ఖద్దరు ధర్మము నిలువదని 1935లో గాంధీజీయే పట్టుబట్టి, అఖిల భారత చరఖా సంఘముచే ఆ నియమమును అంగీకరింపజేసెను. అందుచే ఖద్దరు వెల పెరిగినను ఆయన వెనుకాడలేదు. వేతనము సేవకు కళంకము గాదు. సేవకుని ఆకలియే కళంకము.

కంపెనీలన్నియు కృతఘ్నములని మేము చెప్పము. లినక్సు మూలమునకు నేడు చేరుచున్న కోడులో అధికభాగము కంపెనీల జీతగాండ్రు వ్రాయుచున్నదే. అన్యాయము జరుగుచున్నది పేరుపడ్డ గోపురములకు గాదు, వాని పునాదులలో నున్న చిన్న రాళ్ళకు. 2016లో ‘లెఫ్ట్ ప్యాడ్’ అను పదునొకండు పంక్తుల కోడును దాని కర్త యొక తగవులో ఉపసంహరించుకొనగా, ప్రపంచమున ననేక సాఫ్టువేరుల తయారీ ఆనాడు స్తంభించెను. ఆ పదునొకండు పంక్తులపై తమ మేడ నిలిచియున్నదని ఆ మేడల యజమానులకే తెలియదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కంప్యూటరుపై తెలుగు అక్షరము నిలిచినది ఇట్టి యుచిత సేవచేతనే. పోతన ఖతిని, లేఖినిని, తెలుగు వికీపీడియాను మన కిచ్చినవారు జీతమునకై చేసినవారు కారు. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో వేలకొలది తెలుగు బిడ్డలు ప్రతిదినము ఓపెన్ సోర్సు నాధారముగా గొని జీవనము సాగించుచున్నారు. ప్రభుత్వ కార్యములలో ఓపెన్ సోర్సునకు ప్రాధాన్య మీయవలెనని భారత ప్రభుత్వము 2015లో విధాన ప్రకటన చేసెను. వాడుకకు విధాన మేర్పడినది. పోషణకు గూడ నట్టి విధాన మేర్పడవలెను.

మన పెద్దలకు ఈ ధర్మము తెలియనిది కాదు. రాయలసీమలో దశబంధ మాన్యములని యుండెడివి. చెరువును నిర్మించి, మరమ్మతు చేయుచు గాపాడువానికి ఆ చెరువు క్రింది భూమిలో గొంత మాన్యముగా విడుచుట ఆచారము. నీరు పారిన భూమియే కట్ట గాచినవానిని పోషించెను. అది యెవరి దయాభిక్షయు గాదు. సాగులెక్కలో నొక భాగము.

ఈ నీతి ననుసరించియే మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది: ప్రతి కంపెనీయు తాను వాడు ఓపెన్ సోర్సు భాగముల జాబితా వ్రాసికొని, వాని నిర్వాహకులకై ఏటేట కొంత సొమ్మును వ్యయముగా కేటాయింపవలెను. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము క్రింద, సాంఘిక బాధ్యతకై లాభములో తీయు నూటికి రెండు వంతులలో దీనిని జమకట్టుట మాకు సమ్మతము గాదు. కరెంటు బిల్లును ధర్మకార్యముల పద్దున వ్రాయువారు లేరు గదా! మన దేశమున జెరోధా కంపెనీ 2024లో ఏటికి పదిలక్షల డాలర్లతో నొక నిధిని ప్రకటించెను. తక్కిన కంపెనీలును ఆ మార్గము ద్రొక్కుట మేలు. రెండవది: ప్రభుత్వపు టెండర్లలో, ఒప్పందపు మొత్తమున నొక నిర్ణీత భాగము ఈ పోషణకు జెందవలెనను షరతు చేర్చవలెను. జర్మనీ ప్రభుత్వము 2022లోనే ఇందులకై ప్రత్యేక నిధి నెలకొల్పెను. మూడవది: బాధ్యత విక్రయించువానిమీద నుండవలెను గాని ఉచితముగా నిచ్చినవానిమీద గాదు. ఐరోపా సమాజము 2024లో జేసిన సైబర్ భద్రతా చట్టము వర్తకము లేని స్వచ్ఛంద కర్తలను మినహాయించి, సరకు నమ్ముకొను తయారీదారులను బాధ్యులను జేసినది. మన శాసనకర్తలు దానిని పరిశీలింతురు గాక.

నిర్వాహకులకును ఒక మాట. వెల యడుగుట సిగ్గు గాదు. అలసినప్పుడు ఆగెదననుట ద్రోహము గాదు. మీరు లోకమునకు చేసినది దానము. కంపెనీలకు చేయుచున్నది కొలువు. ఆ రెంటికి నడుమ గీటు గీయు హక్కు మీదే.

ఇక ఇంజనీర్లగు మా యువకులారా! రేపు మీరు కచేరీకి పోయినప్పుడు, మన సాఫ్టువేరు ఎవరి రెక్కల కష్టముమీద నిలిచియున్నది, వారి కేమి ముట్టుచున్నది, అని మీ యజమానులను మర్యాదగానే యడుగుడు. కట్ట తెగినపిదప పలుగుపారలతో ఊరంతయు పరువెత్తుకొని వచ్చును. తెగకమునుపు, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే, కట్టమీద నొంటరిగా మన్ను మోయుచున్నవానికి గంజి పోయుట యుక్తము.