ఆరోగ్యం హక్కా? విధియా?

వ్యాయామ విద్య అనగానే మనకు ఈల పట్టుకున్న డ్రిల్లు మాస్టారు గుర్తుకు వస్తారు. పరీక్షలు దగ్గరపడగానే ఆయన పీరియడు లెక్కల మాస్టారి పాలు కావడం చాలామందికి అనుభవమే. అటువంటి విషయానికి విశ్వవిద్యాలయంలో స్థానమేమిటని సందేహించేవారు పాడర్‌బోర్న్ చూడాలి. ఇక్కడ క్రీడా ఆరోగ్య విభాగం ప్రకృతి విజ్ఞాన శాఖలో, భౌతిక రసాయన శాస్త్రాల సరసన ఉన్నది.

అయితే అసలు ప్రశ్న ఆ చదువును నడిపే విలువలది. దేహాన్ని ఎవరికోసం దృఢపరచాలి? జర్మనీ ఈ ప్రశ్నకు ఘోరమైన మూల్యం చెల్లించింది. 1811లో యాన్ బెర్లినులో బహిరంగ వ్యాయామశాల తెరచినది నెపోలియన్ సేనలను ఎదిరించగల యువకులకోసం. నాజీ పాలనలో ఆరోగ్యం పౌరుని విధి అయింది, బలహీనులు భారమయ్యారు. 1940, 1941 సంవత్సరాలలోనే 70,000 మందికి పైగా రోగులను, వికలాంగులను ప్రభుత్వమే హతమార్చింది. ఆరోగ్యాన్ని విధిగా శాసించే భాష ఎంత మృదువుగా వినిపించినా నాకు భయమే.

1986లో ఒట్టావాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు వేరు మార్గం చూపింది. తమ ఆరోగ్యంపై ప్రజలకే అదుపు పెరగాలని, ఆరోగ్యం జీవితానికి సాధనమే గాని లక్ష్యం కాదని ప్రకటించింది. పాడర్‌బోర్న్ ఉన్న రాష్ట్రంలో 1999 నాటి పాఠశాల క్రీడా ప్రణాళిక ఆరు దృక్కోణాలను పేర్కొన్నది: ఇంద్రియానుభవం, భావప్రకటన, సాహసం, సాధన, సహకారం, ఆరోగ్యం. ఆరింటిలో ఆరోగ్యం ఒకటి మాత్రమే! ఈ వినయం నాకు నచ్చింది.

మరొక విషయం. 1953లో జెర్రీ మారిస్ లండను బస్సులను పరిశీలించి, కూర్చొనే డ్రైవర్లకన్న మెట్లెక్కే కండక్టర్లకు హృద్రోగం తక్కువని చూపాడు. కండక్టరు ఆరోగ్యవ్రతం పట్టి మెట్లెక్కలేదు; ఉద్యోగం ఎక్కించింది. పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ల తయారీదారు హైన్స్ నిక్స్‌డోర్ఫ్ 1980వ దశకంలో ఆహోర్న్ క్రీడావనం కట్టించాడు. యజమానికి అందులో స్వార్థం లేదనను. కాని దాని తలుపులు ఊరివారికీ తెరచి ఉన్నాయి.

మనవైపు చూడండి. మధుమేహం వచ్చినవారిని "నడవరు కదా, మీదే తప్పు" అంటాము. నడవడానికి కాలిబాట ఏది? ఈడేరిన ఆడపిల్లను ఆట మాన్పించినది ఎవరు? సిడ్నీలో 2000లో కరణం మల్లేశ్వరి పతకం గెలిస్తే పొంగిపోయాము; ఆమె తోటి ఈడు పిల్లలు ఎందరు మైదానం తొక్కారో అడగలేదు.

వ్యాయామ విద్యా కోర్సుల ప్రవేశానికి మన రాష్ట్రాలలో పరుగు, దూకడం, షాట్‌పుట్ వంటివి పరీక్షిస్తారు. సరే, ఉండనివ్వండి. పట్టా ఇచ్చేముందు మాత్రం మరొక పరీక్ష పెట్టమంటాను: మోకాళ్ళ నొప్పులతో ఉన్న అరవై ఏళ్ళ గృహిణిని అభ్యర్థికి అప్పగించాలి. ఆరు వారాల తరువాత ఆమెను పిలిచి, మళ్ళీ రావాలనిపిస్తున్నదా అమ్మా అని అడగాలి. మార్కులు ఆమే వేయాలి.