మళ్లీ వెళ్లి అడిగినప్పుడు

వైద్యుడు మందు వ్రాసి ఇచ్చి ఊరుకోడు. పది రోజుల తరువాత మరల వచ్చి కనబడమంటాడు. రైతు నారు నాటి, కోతలనాడు మాత్రమే చేను మొగం చూడడు. విద్యారంగంలో మాత్రం చాలాకాలం ఇందుకు భిన్నమైన ఆచారం సాగింది. కొత్త బోధనా పద్ధతి ఒకటి ప్రవేశపెట్టడం, ఏడాది చివర పరీక్ష పెట్టడం, మార్కులు పెరిగాయని నివేదిక వ్రాయడం - అంతటితో పని ముగిసేది. ఆ పిల్లలు రెండేళ్ల తరువాత ఏమయ్యారు, ఇరవయ్యేళ్ల తరువాత ఎలా బ్రతుకుతున్నారు అని వెదకి వెళ్లి అడిగినవారు అరుదు. ఆ అడగడమే తదనంతర అధ్యయనం. పరిశోధకుల వాడుకలో ఫాలో-అప్.

ఇలా మరల వెళ్లినవారికి ఎదురైన జవాబులు ఎప్పుడూ ఒకే తీరుగా లేవు.

వడోదర, ముంబయి నగరాల పురపాలక పాఠశాలల్లో ‘ప్రథమ్’ సంస్థ ‘బాలసఖి’ అనే పథకాన్ని నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనుకబడిన పిల్లలను పదిహేను ఇరవైమంది చొప్పున వేరుగా కూర్చోబెట్టి, రోజుకు సుమారు రెండు గంటలసేపు ఆ పేటకే చెందిన ఒక యువతి అక్షరాలు, అంకెలు మొదటినుంచీ నేర్పేది. అభిజిత్ బెనర్జీ, షాన్ కోల్, ఎస్తేర్ డఫ్లో, లీ లిండెన్ 2001 నుంచి 2003 వరకు దీని ఫలితాన్ని కొలిచారు. రెండవ సంవత్సరాంతానికి కనిపించిన వృద్ధిని మామూలు మాటల్లో చెప్పాలంటే, నూరుమందిని మార్కుల వరుసలో నిలబెట్టినప్పుడు యాభయ్యవ స్థానంలో ఉండవలసిన పిల్లవాడు దాదాపు ముప్పైతొమ్మిదవ స్థానానికి చేరాడు. ప్రాథమిక విద్యలో ఇది చిన్న విజయం కాదు.

వారు అక్కడితో ఆగలేదు. పథకం ముగిసిన ఏడాదికి అదే పిల్లలను మరల పరీక్షించారు. ఎవరి కోసం పథకం ఉద్దేశింపబడిందో ఆ పిల్లలకు లాభం కొంత మిగిలే ఉన్నది. కాని బాగా తరిగిపోయింది. అదే వరుసలో అయితే యాభై నుంచి నలభైఆరు దాకా జరిగినట్లు. 2007లో ఫలితాలు ప్రచురించినప్పుడు ఈ తరుగుదలను కూడ దాచకుండా చెప్పారు. మొదటి కొలతతోనే సంతృప్తిపడి ఉంటే, ఒకసారి నేర్పితే చాలునన్న భ్రమ మిగిలి ఉండేది.

హైదరాబాదు చుట్టుపట్ల పల్లెల కథ దీనికి విరుద్ధమైనది. 1987 - 1990 మధ్య జాతీయ పోషకాహార సంస్థ అక్కడి 29 గ్రామాలలో ఒక పరిశీలన జరిపింది. పదిహేను గ్రామాలలో గర్భవతులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం క్రింద అదనపు ఆహారం లభించేది. మిగిలిన పద్నాలుగు గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆనాడు శాస్త్రవేత్తల దృష్టి ముఖ్యంగా శిశువుల జనన బరువు మీద ఉండేది. 2003 - 2005 మధ్య పరిశోధకులు ఆ ఊళ్లకు తిరిగి వెళ్లారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చిన 1165 మందిని పరీక్షించగా, ఆహారం అందిన గ్రామాల వారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువగా ఉన్నారు. అదే సమాచారాన్ని చదువు కోణం నుంచి పరిశీలించి 2016లో ప్రచురించిన మరొక అధ్యయనం, వారు బడి చదువులో సగటున 0.84 తరగతి ముందున్నారని తెలిపింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో అందిన తిండి ఫలితం పదిహేనేళ్ల తరువాత బడి రిజిస్టరులో కనిపించిందన్నమాట.

ఒకచోట లాభం తరిగిపోయింది. మరొకచోట ఆలస్యంగా బయటపడింది. రెండూ తెలిసినది మరల వెళ్లినందువల్లనే. అయితే వెళ్లినప్పుడు మనిషి అక్కడ ఉండాలి కదా! అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

వడోదరకు దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్ల దూరాన సూరత్ నగరం, దాని అంచున పండేసర పారిశ్రామికవాడ పొరుగున బమ్రోలి ఉన్నాయి. మరమగ్గాల మోతతో మేలుకొని, ఆ మోతలోనే నిద్రపోయే ప్రాంతమిది. ఒడిశాలోని గంజాం నుంచి, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రల నుంచి, మన తెలుగునేల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారితో సూరత్ మిల్లులు నడుస్తున్నాయి. ఈ వలసను గుర్తించే సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమాలలో కూడ పాఠశాలలు నడుపుతున్నది.

ఇటువంటి పేటలో చదివే పిల్లవాడి చిరునామా తండ్రి పనిని బట్టి మారుతుంది. మిల్లు మూతపడినా, గది అద్దె పెరిగినా, స్వగ్రామంలో ముసలితల్లికి జబ్బు చేసినా కుటుంబం సామాను సర్దుకుంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగినప్పుడు వేలాది కుటుంబాలు ఒక్కసారిగా ఊళ్లకు తిరుగుముఖం పట్టాయి. మూడవ తరగతిలో పేరున్న పిల్లవాడు మరుసటి ఏడాది ఏ సిరిసిల్లలోనో, వరంగల్లులోనో ఉండవచ్చు. ఏ బడిలోనూ లేకపోవచ్చు. రిజిస్టరులో మాత్రం రెండింటికీ ఒకటే అడ్డగీత.

ఆ అడ్డగీత లెక్కలను ఎలా తారుమారు చేయగలదో చూడండి. ఒక తరగతిలో ఇరవైమంది ఉన్నారనుకుందాము. పన్నెండుమందికి యాభై చొప్పున, ఎనిమిదిమందికి ఇరవై చొప్పున మార్కులు వచ్చాయి. తరగతి సగటు 38. ఏడాది తిరిగేసరికి ఆ ఎనిమిదిమందీ ఊరు విడిచి వెళ్లారు. మిగిలిన పన్నెండుమందికి మళ్లీ యాభై మార్కులే వచ్చాయి. ఇప్పుడు సగటు 50! ఎవ్వరూ ఒక్క అక్షరం అదనంగా నేర్వలేదు. నివేదికలో మాత్రం తరగతి పన్నెండు మార్కులు పెరిగింది. దొరికినవారిని మాత్రమే లెక్కించే అధ్యయనం, ఎవరి కోసం మొదలైందో వారినే మరచిపోతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. శ్రమతో కూడినది, అంతే. వడోదర, ముంబయి పరిశోధకులు బడులకు పలుమార్లు వెళ్లారు. అప్పటికీ కనబడని పిల్లలను బడి బయట వెదకి పరీక్ష పెట్టారు. జమైకాలోని కింగ్‌స్టన్ నగరంలో 1986 - 87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో ఒక ప్రయోగం ప్రారంభమైంది. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి వెళ్లి, బిడ్డతో ఆటలాడి మాటలాడే తీరు తల్లులకు నేర్పారు. ఇరవయ్యేళ్ల తరువాత పరిశోధకులు 105 మందిని తిరిగి కలుసుకోగలిగారు. దేశం విడిచి వెళ్లినవారి కోసం అమెరికా, కెనడా, బ్రిటన్‌ల వరకు వెదకారు. ఆ శిక్షణ పొందినవారి సంపాదన పొందనివారికంటే 25 శాతం ఎక్కువని 2014లో ప్రకటించారు. వలస వెళ్లినవారు శిక్షణ పొందిన జట్టులోనే ఎక్కువ. వారిని వదలి, కింగ్‌స్టన్‌లో మిగిలినవారిని మాత్రమే లెక్కించి ఉంటే, అంకెలు మేలును ఉన్నదానికంటే తక్కువ చేసి చూపేవి. ఊరు విడిచినవాడు ఎల్లప్పుడూ ఓడిపోయినవాడు కాడు.

మన రాష్ట్రాల్లో కూడ ఇటువంటి ఓపిక గల పని జరిగింది. ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు మూడువేలమంది పిల్లల పేర్లు వ్రాసుకున్నది. వారిలో రెండువేలమంది అప్పటికి ఏడాది వయసు పసివాళ్లు. రాష్ట్రం 2014లో రెండుగా విడిపోయినా, ఇళ్లు మారినా, కొందరు పెళ్లిళ్లయి అత్తవారిళ్లకు వెళ్లినా ఆ జాబితా మూతపడలేదు. 2016 నాటికి కూడ పసివాళ్ల జట్టులో నూటికి తొంభైమందికి పైగా అందుబాటులో ఉన్నారు. 2020లో ఇళ్లకు వెళ్లే వీలు లేనప్పుడు ఫోనులో పలకరించారు.

2022-23 నుంచి దేశంలో బడి లెక్కలు ఒక్కొక్క విద్యార్థి పేరున సేకరింపబడుతున్నాయి. ఇది మంచి మార్పే. కాని సంఖ్య పిల్లవాడి పేరును నిలబెడుతుంది. వాడు ఏమి నేర్చాడో, ఎందుకు మానివేశాడో చెప్పదు. అందుకు ఒక మనిషి వెళ్లి అడగాలి.

బమ్రోలి వంటి చోట ఈ పని మొదటి దినాననే ప్రారంభం కావాలి. పిల్లవాడిని చేర్చుకునేటప్పుడు, తల్లిదండ్రుల అనుమతితో, స్వగ్రామం పేరు, అక్కడ స్థిరంగా ఉండే ఒక బంధువు పేరు, ఒక ఫోను నంబరు వ్రాసుకొని, వాటిని గోప్యంగా భద్రపరచాలి. ఖర్చు ఒక కాగితం, కొంత సమయం. ఆ కాగితం ఉంటే ఐదేళ్ల తరువాత వెదకడానికి వచ్చినవాడు మూసి ఉన్న గది ముందు నిలబడి వెనుదిరిగిపోడు. పిల్లవాడు ఎక్కడికి వెళ్లాడో అడగడానికి అతనికి ఒక ఊరి పేరైనా ఉంటుంది.