యుద్ధానికి ముందు ఉద్యోగపర్వం

మహాభారతంలో భీష్మపర్వానికి ముందు ఉద్యోగపర్వం ఉంది. సంజయ రాయబారాన్ని, శ్రీకృష్ణ రాయబారాన్ని తిక్కన సోమయాజి అందులో విపులంగా తెనిగించాడు. సంధియత్నాలు ఎవరివల్ల, ఏ కారణాన విఫలమయ్యాయో తెలియనివారికి కురుక్షేత్రం కేవలం అస్త్రశస్త్రాల కోలాహలంగానే మిగులుతుంది. ఏడున్నర దశాబ్దాల క్రితం మన ప్రాంతపు భవితవ్యాన్ని నిర్ణయించిన ఒక యుద్ధం విషయంలో నేడు మనది సరిగ్గా ఇటువంటి స్థితియే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ‘పోలీసు యాక్షన్’ అనే మాట వినని ఇల్లు అరుదు. నిజానికి 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినది పోలీసులు కాదు; యుద్ధ శకటాలతో కూడిన భారత సైన్యం. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వాన ప్రధాన దళం షోలాపూర్ దిశ నుండి సాగివచ్చింది. 17వ తేదీన నిజాం కాల్పుల విరమణను ప్రకటించాడు. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. సైన్యం నిర్వహించిన కార్యానికి పోలీసుల పేరు ఎందుకు వచ్చింది? విద్యార్థి మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది.

దీనికి సమాధానం విదేశాంగ నీతిలో ఉన్నది. 1798, 1800 సంవత్సరాలలో ఈస్టిండియా కంపెనీతో చేసుకొన్న ఒప్పందాల ద్వారా నిజాం తన విదేశీ సంబంధాలపై స్వాతంత్ర్యాన్ని కోల్పోయాడు. కంపెనీ సైన్యపు ఖర్చు కింద తుంగభద్రకు దక్షిణాన ఉన్న దత్తమండలాలను వదులుకొన్నాడు. ఆనాటి సంతకం తుంగభద్రను సరిహద్దుగా మార్చింది. 1947 ఆగస్టు 15న ఏటికి ఆవల కర్నూలులో స్వాతంత్ర్యోత్సవం జరిగింది. ఈవల ఉన్న గద్వాల నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. ఆ రాజ్యంలో మువ్వన్నెల జెండాను ఎగురవేసినవారు నిర్బంధానికి గురయ్యారు.

1947 నవంబరు 29న ఇరు ప్రభుత్వాల మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా సంబంధాలు పూర్వపు ఏర్పాట్ల ప్రకారమే ఒక సంవత్సరం కొనసాగాలన్నది దాని సారాంశం. నిజాం ప్రభుత్వం పాకిస్తానుకు ఇరవై కోట్ల రూపాయల ఋణం ఇవ్వడాన్ని భారతదేశం ఆక్షేపించింది. తమపై ఆర్థిక దిగ్బంధనం సాగుతున్నదని హైదరాబాదు ఆరోపించింది. గ్రామాలలో రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చుపెరిగాయి. 1948 జూన్‌లో చర్చలు విఫలమయ్యాయి. ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొరపెట్టుకొన్నది. సైన్యం ముందుకు సాగుతుండగానే, సెప్టెంబరు 16న పారిస్‌లో ఆ ఫిర్యాదు విచారణకు వచ్చింది. హైదరాబాదు స్వతంత్ర దేశం కాదు, కనుక ఇది ఆంతరంగిక విషయమని భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్ వాదించాడు. ‘యుద్ధం’ అంటే ఆ వాదం బలహీనపడుతుంది. ‘పోలీసు చర్య’ అంటే నిలబడుతుంది. పేరులోనే రాజనీతి ఇమిడి ఉన్నది.

అంతకు ఏడాది ముందు, 1947 జూలైలో, డచ్చివారు ఇండోనేషియాపై చేసిన దాడికి ‘పోలీసు చర్య’ అనే పేరే పెట్టుకొన్నారు. అది తమ ఆంతరంగిక విషయమన్నారు. ఆ వాదాన్ని తిరస్కరించి, భద్రతామండలి దృష్టికి తెచ్చిన దేశాలలో మన దేశం ఒకటి. ఈ రెండు సంఘటనలు సమానమైనవని నేననను. ఇండోనేషియా ప్రజలు వలసపాలన నుండి విముక్తిని కోరారు. హైదరాబాదు ప్రజలలో అధికసంఖ్యాకులు భారతదేశంలో విలీనాన్ని కోరారు. సైనిక చర్య అనివార్యమైనదనే నా అభిప్రాయం. అయితే ఒకే మాట ఇద్దరి నోట రెండు ప్రయోజనాలకు ఎలా ఉపయోగపడిందో తెలిసిన పౌరుణ్ణి మాటలతో మభ్యపెట్టడం తేలిక కాదు.

పేరు చిన్నదైతే దాని వెనుక ఉన్న దుఃఖం కూడ చిన్నదిగా తోస్తుంది. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం, సైనిక చర్య కాలంలోను, ఆ తరువాతను మృతిచెందినవారు ఇరవైయేడు వేల నుండి నలభై వేల వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. రజాకార్ల చేత హతులైనవారిని స్మరించే మనం వీరిని విస్మరించడం న్యాయం కాదు.

ఏటా సెప్టెంబరు 17న విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అనే వాదం చెలరేగుతుంది. వాదించడం దోషం కాదు. కాని ఒప్పందపత్రాన్ని చదవక, భద్రతామండలి చర్చను ఎరుగక వాదించడం ఉద్యోగపర్వాన్ని విడిచి యుద్ధపర్వాలకు వ్యాఖ్యానం చెప్పడం వంటిది. విద్వాంసులను ఆదరించి ‘విద్వద్గద్వాల’గా ఖ్యాతిగాంచిన నేల మనది. ఈ నేల విద్యార్థులు ఏ యుద్ధవార్తను విన్నా, తుపాకి పేలడానికి ముందు ఎవరు ఎవరితో ఏ ఒప్పందం చేసుకొన్నారు, దానిని ఎవరు ఉల్లంఘించారు, ఆ యుద్ధానికి పేరు పెట్టినవారెవరు అని విచారించాలి. ఆ విచారణ చేయగలిగినవాడే రేపు ఓటరుగా యుద్ధాన్ని గురించి అభిప్రాయం చెప్పడానికి అర్హుడు.