అమానత్‌లో ఖయానత్

ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ 'అమానత్‌లో ఖయానత్' అనే మాటతో వాక్యం రాయమంటే, పక్కింటివాళ్లు దాచమని ఇచ్చిన సొమ్ము తినేసినవాడి గురించి రాశాను. ఇప్పుడు రాయమంటే ఎక్స్‌జెడ్ యుటిల్స్ కిస్సా రాస్తాను.

ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ అది. లినక్స్ సర్వర్లలో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కాలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా దాని ఖిద్మత్ చేశాడు. తన్‌ఖా లేదు. 2022లో కొన్ని పేర్లతో ఆయనకు మెయిళ్లు మొదలయ్యాయి: పని సాగడం లేదు, ఇంకొకరికి అప్పగించు అని. తన మానసిక ఆరోగ్యం చాలాకాలంగా బాగాలేదనీ, ఇది జీతం లేకుండా చేస్తున్న పని అనీ ఆయన జవాబిచ్చాడు. ఆ రోజుల్లోనే జియా టాన్ అనే పేరుతో ఒకరు మెహనతీగా, తమీజ్‌గా సాయం చేస్తూ దగ్గరయ్యారు. మెల్లగా అధికారాలు ఆ చేతికి వచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో చోర్ దర్వాజా వచ్చి కూర్చుంది. పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాన్ని దాచారు. సరైన తాళంచెవి ఉన్నవాడు ఎస్‌ఎస్‌హెచ్ దారిలో వచ్చి ఆ సర్వర్ మీద తన హుకుం నడిపించుకోవచ్చు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని ఆయనకు షక్ వచ్చింది. ఇంకొకరైతే 'సిస్టం స్లో' అని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. మార్చి 29న లోకానికి ఖబర్ ఇచ్చాడు. అప్పటికి ఆ కోడ్ డెబియన్, ఫెడోరాల్లో పరీక్ష దశ వెర్షన్ల దాకానే చేరింది. స్థిరమైన పాత వెర్షన్ల మీద ఉన్న సర్వర్లు బతికిపోయాయి.

అలాగని అప్‌డేట్లు ఆపేయండి అనడం లేదు. పాత రంధ్రాల్లోంచి వచ్చే దొంగలే ఎక్కువ. నా షికాయత్ వేరే. జియా టాన్ చేసింది ఖయానత్, సరే. మరి కోట్ల కారోబార్ నడిపే కంపెనీలు ఇంత పెద్ద అమానత్‌ను ఒక అలసిన మనిషి భుజాన పెట్టి, షుక్రియా కూడా చెప్పకుండా వాడుకున్నాయే, దాన్నేమనాలి? జీతమిస్తే మోసం జరగదా అని మీరు అడగవచ్చు. జరగొచ్చు. కానీ జీతం, తోడు ఉన్న మనిషికి కొత్తగా వచ్చినవాడి పనిని తిరగేసి చూసే ఫుర్సత్ ఉంటుంది. ఆ దొంగ గెలిచింది ఫుర్సత్ లేనిచోటే. స్కానర్లు, ఆడిట్లు జరూరీయే. అవి మనిషి అలసటను చూడలేవు.

దూరాన ఉన్న కంపెనీలను అనడం ఆసాన్. మా ఆఫీసులో సర్వర్లు చూసే తమ్ముడు ఒక రాత్రి డెస్క్ దగ్గరికొచ్చి, "భాయ్, లాగిన్లలో ఏదో తేడాగా ఉంది, గంటసేపు ఆపి చూడనా?" అన్నాడు. "ముందు పేజీలు వెళ్లనీయ్ మియా, రేపు చూద్దువు" అన్నది నేనే. ఆ మర్నాడు అతనికి వేరే పనులు చెప్పిందీ నేనే. మళ్లీ అతను అడగలేదు.

ఈసారి నేనే అడగాలి.