ముందు కొండ, తరువాత పడవ

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో పడవ షికారు, దగ్గరలోనే శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ – రెండూ ఒక్కరోజులో చూడదలచారా? అయితే ముందు కొండ ఎక్కండి. ఎండ ముదరకముందే దిగండి. పడవ సాయంత్రానికి ఉంచుకోండి. పడవలో వాంతులైతే ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి. ఆపైన మిట్టమధ్యాహ్నం కొండెక్కితే వడదెబ్బ తగలవచ్చు.

పడవెక్కే ముందు తేలికగా తినండి. చూపు దూరపు ఒడ్డుమీద నిలపండి. వాంతులైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు – తలకొట్టి కొలిచి – కలిపి, కొద్దికొద్దిగా తాగండి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.