అర మాత్ర, పావు మాత్ర

మందు మింగమని చెప్పేవాడు దొరుకుతాడు. మందు పారెయ్యమని చెప్పేవాడూ దొరుకుతాడు. మందు తగ్గించుకుంటున్న మనిషి పక్కన రాత్రి రెండింటికి కూచునేవాడే దొరకడు. నా గొడవంతా ఇదే.

ముందు మింగమన్నవాళ్ళ సంగతి. మాదిగపల్లెలో పుట్టి, సంక్షేమ హాస్టల్లో పురుగులన్నం తిని, ఎమ్మే చదివి కాంట్రాక్టు లెక్చరర్నయ్యాను. స్టాఫ్ రూములో నా టిఫిన్ గిన్నె పక్కన ఇంకొకరి గిన్నె ఉండేది కాదు. 'రిజర్వేషన్ మేడమ్' అని వెనక అనుకునేవాళ్ళు, నాకు వినపడేట్టుగానే. నిద్ర పోయింది. అన్నం సయించలా. పాఠం చెబుతుంటే గుండెల్లో రోకలిపోటు. ఒక ప్రైవేటు డాక్టరు పది నిమిషాలు చూసి చీటీ రాశాడు. 'ఏం జరుగుతోందమ్మా నీకు' అని మాత్రం అడగలా. ఎన్నాళ్ళు వాడాలి సార్ అంటే 'వాడుతూ ఉండు' అన్నాడు. ఆ వాడుతూ ఉండటం ఆరేళ్ళు.

మందు పనిచెయ్యలేదని అనను. పనిచేసింది. నిద్ర పట్టింది, చచ్చిపోదామన్న ఆలోచన వెనక్కి పోయింది. ఆ మాట దాచిపెట్టి మందుల్ని తిట్టేవాళ్ళని నేను నమ్మను. కాని దడతో పాటు దుఃఖం కూడా పోయింది. మా నాయన చచ్చిపోయిన రోజున గోడలాగా కూచున్నాను. అమ్మ నా మొహం చూసి భయపడింది. అప్పుడు అడిగాను డాక్టర్ని, తగ్గించొచ్చా అని. 'మీవాళ్ళతో ఇదే ఇబ్బంది, కాస్త బాగుండగానే మానేస్తారు' అన్నాడు. మీవాళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆ చిన్న మాత్రలో రెండు మందులున్నాయని ఆరో ఏట తెలిసింది. ఎస్సిటలోప్రామ్ పది మిల్లీగ్రాములు, క్లోనాజిపామ్ అర మిల్లీగ్రాము. ఈ దేశంలో ఈ జోడీ మాత్రని విరివిగా రాస్తారు. మొదటిది దిగులుకి. రెండోది నిద్రకీ దడకీ, నెలలకొద్దీ వాడితే అలవాటు పడే మందు. దాన్ని ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఒకదాన్ని తగ్గించి ఒకదాన్ని ఉంచటం ఎట్టా? మాత్ర విరిస్తే రెండూ విరుగుతాయి. కంపెనీకి అమ్మకం సులువు, డాక్టరుకి రాయటం సులువు. దిగాల్సిన మనిషికే మెట్లు లేవు.

ఇక పారెయ్యమన్నవాళ్ళు. వీళ్ళు నా వాళ్ళే, అందుకే కోపం ఎక్కువ. 'అంబేద్కర్ని చదివినదానివి, నీకు డిప్రెషనేంది? అదంతా కంపెనీల కుట్ర, పారెయ్' అన్నాడొక అన్న, మీటింగులో పదిమంది ముందు. ఆ అన్న తన షుగర్ మాత్రని ఏ కుట్రలో వేస్తాడో మరి.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు దళిత స్కాలర్లు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. 17న రోహిత్ వేముల వెళ్ళిపోయాడు. ప్రతి ఏడూ ఆ రోజున సభ పెడతాం, పాట పాడతాం. పెట్టాల్సిందే. కాని చచ్చిపోయినవాడికి జోహార్లు చెప్పే సంఘం, బతకటానికి మాత్ర మింగేవాణ్ణి చూసి సిగ్గుపడటమేంది? వాడు మాత్ర తగ్గించుకుంటూ వణుకుతుంటే 'రెస్టు తీసుకో తమ్ముడూ' అని ఫోను పెట్టెయ్యటమేంది?

మేం ఐదుగురం. ఆస్పత్రిలో ఊడ్చే అక్క, ఆర్టీసీలో రిటైరైన బాబాయి, బట్టలు కుట్టే వదిన, పీజీ చదివే తమ్ముడు, నేను. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో కూచుంటాం. మేం డాక్టర్లం కాదు. ఏ మందు ఎంత తగ్గించాలో మేం చెప్పం. అది డాక్టరుతో తేల్చుకోవాల్సిందే, కాకపోతే పోయేటప్పుడు ఇద్దరం పోతాం. ఒక్కదాన్నే పోతే 'మీవాళ్ళు'. బాబాయిని వెంటబెట్టుకుని పోతే వేరే డాక్టరమ్మ కుర్చీ వేసి కూచోబెట్టి, ఆ జోడీ మాత్రని రెండు విడి మాత్రలుగా మార్చి రాసింది. వదిన మందు తగ్గించటం లేదు. ఆమెకి అది కావాలి, మాలో ఎవరూ ఆమెని తక్కువ చేసి చూడం.

ఒక నోటుబుక్కు ఉంది. నిద్ర, దడ, ఏడుపు, ఆ వారం ఏం జరిగింది. తమ్ముడు డోసు తగ్గించిన మూడో రోజున తల తిప్పితే చాలు లోపల కరెంటు కొట్టినట్టుందన్నాడు. ఇంట్లోవాళ్ళు జబ్బు తిరగబెట్టిందని ఏడుపు. బాబాయి అడిగాడు, 'ఈ కరెంటు నీ పాత జబ్బులో ఉందంట్రా?' లేదు. 'నాకూ కొట్టిందిరా. మందు తగ్గినందుకు ఒళ్ళు పడే గోల ఇది.' డాక్టరమ్మకి చూపిస్తే అవునంది, ఒక మెట్టు వెనక్కి వేసి అక్కడే ఆగమంది. నాలుగు రాత్రులు బాబాయి వాడి గదిలోనే పడుకున్నాడు. నీతులు చెప్పలేదు. బస్సుల కబుర్లు చెప్పాడు.

ఇంకొకటి కూడా ఆ నోటుబుక్కే చెప్పింది. ఫెలోషిప్పు ఆగిన నెలలో, గైడు నలుగురిలో అవమానించిన వారంలో మాత్ర తగ్గించకూడదు. చీటీ మీద తేదీలుంటాయి కాని గైడు కులం ఉండదు. అది మేమే చూసుకోవాలి.

రోగులకేం తెలుసంటారా? దిగులు మందుల్ని ఎంత మెల్లగా దించాలో 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో రాసినవాళ్ళలో ఒకరు మార్క్ హొరోవిట్జ్. ఆయన డాక్టరే, ఆ మందులు వాడి, తగ్గించుకోబోయి నానా అవస్థ పడినవాడు కూడా. చదివిన పుస్తకాల్లో దారి దొరక్క, తనలాంటి రోగులు ఒకరికొకరు చెప్పుకున్న మాటల్లోంచి నేర్చుకున్నానని ఆయనే చెప్పాడు. ఇరవై నుంచి పదికి దిగితే మెదడు మీద మందు పట్టు కొంచెమే సడలుద్ది. చివర్లో అయిదు నుంచి సున్నాకి దిగితే ఒక్కసారిగా జారిపోద్ది. అందుకే కింది మెట్లు ఇంకా చిన్నవి కావాలి. 2020లో బ్రిటన్ సైకియాట్రిస్టుల కాలేజీయే ఈ పద్ధతి మీద జనం కోసం సమాచారం వేసింది.

మెల్లగా దిగటానికి కూడా చేతిలో మందుండాలి కదా. మాలో చాలామంది మందు తగ్గించుకోరు. మందు తెగిపోద్ది. స్టాకు లేదంటారు, బస్సు ఛార్జీ ఉండదు, కూలి పోద్ది. ఉన్నోడు డాక్టరు చేతి కింద నెలలకొద్దీ దిగితే, ఊడ్చే అక్క ఒక్క రోజులో పడిపోద్ది. ఆమె పనిచేసేది ఆస్పత్రిలోనే, ఆమె మాత్ర లేనిదీ అక్కడే. పడ్డాక 'మానేసింది' అని రాస్తారు కేసు షీటులో. మానేసింది ఎవరు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను చూడండి. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి కమ్యూనిటీ హెల్త్ సెంటరు నుంచి పైదాకా సర్కారు ఆస్పత్రుల్లో అన్ని వేళలా ఉచితంగా దొరకాలి. 25వ సెక్షను ప్రకారం మన వైద్యం కాగితాలు చూసే హక్కు మనది. కులం పేరుతో వివక్ష చూపకూడదని 21వ సెక్షను. విద్యార్థి సంఘాల తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రాజ్యాంగం పేజీలు నోటికి చెప్తారు కదా, ఈ మూడు సెక్షన్లు కూడా గోడ మీద రాయండి. హాస్టల్లో మీ పక్క మంచం వాడు దిండు కింద ఏం దాస్తున్నాడో అడగండి. నవ్వకండి.

అక్కకి పోయిన నెల పదకొండు రోజులు మాత్ర లేదు. రోజుకొకరం ఆమె ఇంట్లో పడుకున్నాం. ఈ సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. అర్జీ తమ్ముడు రాశాడు, వేలిముద్ర అక్కది. మందు లేని పదకొండు రోజుల నోటుబుక్కు పేజీలు జిరాక్సు తీసి దానికి జతచేశాం.