కొండబడికి తలల లెక్క చాలదు

విద్య ప్రభుత్వము వేయు భిక్ష కాదు, బిడ్డల హక్కు. 2002లో జరిగిన 86వ సవరణచే రాజ్యాంగమున చేరిన 21-ఎ అధికరణము 6 మొదలు 14 ఏండ్ల వరకు గల ప్రతి బిడ్డకును ఈ హక్కు నిచ్చినది. కాని హక్కు కాగితముపై నుండుట వేరు, కొండ దాటి బిడ్డ ముంగిటికి వచ్చుట వేరు. దక్షిణ ఒడిశా మన్యములో తరతరములుగా కాపురమున్న మనకు ఈ భేదము ఒకరు చెప్పనక్కరలేదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగు వరకు కోరాపుట్ సీమ మదరాసు రాజధానిలోనిది. సరిహద్దు మారినను మన కుటుంబములు ఉన్నచోటనే నిలిచినవి. ఆ కోరాపుట్ 1992లో కోరాపుట్, రాయగడ, మల్కనగిరి, నవరంగపురము అను నాలుగు జిల్లాలైనది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ నాలుగింటను చదువ వ్రాయ నేర్చినవారు నూటికి ఏబదిమందికి లోపే. రాష్ట్రపు సగటు సుమారు 73. మల్కనగిరిలో చదరపు కిలోమీటరునకు 106 మంది మాత్రమే నివసించుచుండిరి. పల్లెకును పల్లెకును నడుమ అడవియో, కొండయో, ఏరో అడ్డము. బలిమెల జలాశయమువలన వేరుపడిన చిత్రకొండ ప్రాంతపు పల్లెలకు 2018లో గురుప్రియ వంతెన తెరచు వరకు పడవయే దిక్కు.

ఇట్టి చోట బడిని తలల లెక్కతో కొలుచుట న్యాయము కాదు. 2017లో నీతి ఆయోగ్ తలపెట్టిన సాథ్-ఇ పథకము చిన్న బడులను పెద్ద బడులలో కలుపుటను ఒక సంస్కరణగా ఒడిశాకు తెచ్చినది. పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడా యని అడుగువారు కలరు. వర్తకులకు లెక్క తెలియనిది కాదు. బేరము లేదని ఉప్పు కొట్టు మూసినచో జనులు పై ఊరికి నడచియైనను ఉప్పు తెచ్చుకొందురు. బడి మూసినచో బిడ్డలు నడువరు, చదువు మానుదురు. అందును మొదట మానునది ఆడపిల్ల.

మాతృభాష విషయమునను ఇదే చిక్కు. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో ఆ భాషోపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. పట్టణములో నలుబదిమంది ఒక వీథిలో దొరకుదురు. మన్యములో పది పల్లెలు వెదకినను దొరకకపోవచ్చును. అయితే భాషాల్పసంఖ్యాకుల కంగీకరించిన రక్షణలలో విద్యార్థుల పేర్లను ముందుగా నమోదు చేయుటయు, బడుల మధ్య సర్దుబాటును గూడ కలవు. చుట్టుపట్ల బడులలోని తెలుగు బిడ్డలను కలిపి లెక్కించి, వారమున రెండేసి దినములు ఒక్కొక్క బడికి వచ్చు ఒక ఉపాధ్యాయుని నియమించిన చాలును. 1956లో చేరిన 350-ఎ అధికరణము ఆశించిన సౌకర్యమునకు ఇది తొలిమెట్టు.

మనము వేరు బడి కోరుట లేదు. ఒడియా మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే; అది ఈ నేల భాష. ఆదివాసి బిడ్డలకు వారి భాషలో తొలి చదువు చెప్పు ప్రయత్నము ఈ రాష్ట్రమున 2007 నాటికే ఆరంభమైనది. మన బిడ్డకు కోరు మేలు కోయ బిడ్డకును, కువి బిడ్డకును కోరినప్పుడే మన కోరిక ధర్మమనిపించుకొనును. చిన్న బడి నిలిచిన అందరి బిడ్డలును నిలుతురు.

ఇక మనవైపు చూచుకొందము. స్తోమతు గలవారు బిడ్డలను పార్వతీపురము, విశాఖపట్టణము హాస్టళ్లకు పంపుచున్నారు. ఎవరి బిడ్డ బాగు వారు చూచుకొనుట తప్పనలేము. కాని పట్టీనుండి తొలగిన ప్రతి పేరును ఊరి బడిని మూతకు దగ్గర చేయుచున్నది. మూసిననాడు వీథిన పడునది కూలివాని బిడ్డ. కనీసము ప్రాథమిక తరగతులైనను ఊరి బడిలోనే చదివింతుమని పెద్దలు నిశ్చయించుకొనవలెను.

సోదర సోదరీమణులారా! నోటిమాటగా చెప్పుకొను కష్టమునకు కచేరీలలో విలువ లేదు. మీ మీ పల్లెలలోని బడియీడు బిడ్డల పేరు, తరగతి, ఇంటినుండి బడికి గల దూరము ఒక కాగితముపై వ్రాసి సంఘమునకు పంపుడు. మన భాషవారే కానక్కరలేదు, ఎల్ల బిడ్డల పేర్లును వ్రాయుడు. ఆ పట్టికతో జిల్లా విద్యాధికారికిని, భాషాల్పసంఖ్యాకుల కమిషనరునకును విజ్ఞాపన మంపుదము. తలల లెక్క అడుగువారికి దూరముల లెక్క చూపుదము.